కెర్నెల్ బయట అటామిక్ ఆపరేషన్లు: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీవు పంపిన మూడు ఫైళ్ళనూ నింపాదిగా రెండుసార్లు చదివాను. లైనక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండె) సోర్సులోని అటామిక్ హెడర్‌ను, అంటే నడుమ విడిపోకుండా ఒకే దెబ్బకు జరిగే ఆపరేషన్ల ఫైలును, కాపీ చేసుకుని, కంపైల్ కాకుండా అడ్డుపడిన మాక్రోలను తొలగించి, నీ మెసేజ్ సర్వర్‌లో మూడు చోట్ల వాడుకున్నావు. లెక్కలు పెట్టే కౌంటర్లకు ఒకచోట, దొరికేదాకా నిద్రపోకుండా తిరుగుతూ ఎదురుచూసే లాక్ అయిన ఒక స్పిన్‌లాక్‌కు మరొకచోట, ఖాళీ బఫర్లను దాచుకునే లాక్ లేని స్టాక్‌కు ఇంకొకచోట. ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ రకం ప్రాసెసర్) సర్వర్ల మీద నెల రోజులుగా బాగానే నడుస్తున్నదనీ, త్వరలో ఆర్మ్ అనే వేరే రకం ప్రాసెసర్ ఉన్న సర్వర్ల మీదికి మారుస్తున్నారు కనుక ఒకసారి చూసి చెప్పమనీ అడిగావు. నా అభిప్రాయం ముందే చెబుతాను, కారణాలు తరువాత చదువుకో. కౌంటర్లను తిరగరాసి ఉంచుకో, స్పిన్‌లాక్‌ను మార్చెయ్యి, స్టాక్‌ను మాత్రం ఆర్మ్ దాకా ఆగకుండా ఈ వారమే తీసివెయ్యి.

ఈ పొరపాటు నాకు కొత్త కాదు, ఎందుకంటే దీన్ని నేనే చేశాను. 2.4 కెర్నెల్ వాడుతున్న రోజుల్లో యూజర్ ప్రోగ్రాంలో అటామిక్ కౌంటర్ కావాలంటే కంపైలర్ ఇచ్చేది ఏదీ లేదు. సిస్టమ్ హెడర్ల డైరెక్టరీలో కెర్నెల్ వారి అటామిక్ హెడర్ కళ్ళముందే కనిపించేది, దాన్ని చేర్చుకుంటే ప్రోగ్రాం చక్కగా కంపైల్ అయ్యేది. నేనూ అలాగే చేర్చుకున్నాను. ఆ హెడర్‌లో లాక్ అనే చిన్న మాక్రో ఒకటి ఉండేది. కెర్నెల్‌ను ఒకటికన్నా ఎక్కువ ప్రాసెసర్ల కోసం కాన్ఫిగర్ చేసి ఉంటే ఆ మాక్రో ఇన్‌స్ట్రక్షన్ ముందు లాక్ ప్రిఫిక్స్‌ను, అంటే మార్పు పూర్తయ్యేదాకా ఇతర ప్రాసెసర్లు ఆ అంకెను ముట్టుకోకుండా ఆపే గుర్తును, పెట్టేది, లేకపోతే ఖాళీ స్ట్రింగ్‌గా మిగిలిపోయేది. ఒకే ప్రాసెసర్ ఉన్న యంత్రంలో ఇంక్రిమెంట్ ఇన్‌స్ట్రక్షన్ నడుమ ఇంటరప్ట్ దూరదు కాబట్టి కెర్నెల్ వారి దృష్టిలో అది సరైన పొదుపే. నా బల్ల మీది యంత్రానికి ఉన్నది ఒకే ప్రాసెసర్, దాని హెడర్లూ అందుకు తగ్గట్టే ఉన్నాయి. ప్రోగ్రాం నడవవలసిన క్లయింటు సర్వర్‌కు మాత్రం రెండు ప్రాసెసర్లు. ప్రతి రాత్రీ లక్షల్లో ఉండే లెక్కలో మూడో నాలుగో తగ్గేవి. మూడు వారాల పాటు డేటాబేస్ కోడ్‌నంతా తవ్విపోశాను. చివరికి యంత్రభాషను అసెంబ్లీగా చూపే ఆబ్జ్‌డంప్‌తో నా బైనరీని విప్పి చూస్తే ఇంక్రిమెంట్ ఉన్నది గాని దాని ముందు లాక్ ప్రిఫిక్స్ లేదు. ఆనాటి నుంచి అటామిక్ ఆపరేషన్ రాసినప్పుడల్లా తయారైన ఇన్‌స్ట్రక్షన్‌ను ఒకసారి కంటితో చూడకుండా నాకు నిద్ర పట్టదు, నీవు కూడా ఆ అలవాటు చేసుకుంటే మంచిది.

ఆ హెడర్ అబద్ధం ఆడలేదని గమనించు. తాను ఏ కెర్నెల్‌తో కలిసి కంపైల్ అవుతుందో ఆ కెర్నెల్‌కు ఇవ్వవలసిన హామీనే అది ఇచ్చింది, నా ప్రోగ్రాంకు అది ఏనాడూ ఏ హామీ ఇవ్వలేదు. అలాంటి విచిత్రాలు అందులో ఇంకా ఉండేవి. విలువను సరిచూసి ఒకే దెబ్బకు మార్చే కంపేర్ అండ్ స్వాప్ ఇన్‌స్ట్రక్షన్ లేని పాత 32 బిట్ల స్పార్క్ ప్రాసెసర్ల మీద కెర్నెల్ వారు అటామిక్ అంకెలోని 8 బిట్లను లోపలి లాక్‌కు వాడుకుని, లెక్కకు 24 బిట్లే మిగిల్చిన కాలం ఒకటి ఉండేది. ఇక నీవు కాపీ చేసిన నేటి హెడర్ సంగతి చూడు. ఎక్స్86 లో లాక్ ప్రిఫిక్స్ పెట్టిన ప్రతి చోటు చిరునామానూ కెర్నెల్ ఒక ప్రత్యేక సెక్షన్‌లో రాసిపెట్టుకుంటుంది, బూట్ అయ్యేటప్పుడు ఒక్క ప్రాసెసరే కనిపిస్తే ఆ ప్రిఫిక్స్‌లను మార్చివేయగలగాలని. నీ ప్రోగ్రాంలో ఆ సెక్షన్‌ను చదివే నాథుడే లేడు; నీవు అడ్డుగా ఉన్నదని తీసివేసిన మాక్రో సరిగ్గా అదే. 2006 లో వచ్చిన 2.6.18 నుంచి యూజర్ ప్రోగ్రాముల కోసం కెర్నెల్ హెడర్లను వేరుచేసి ఇచ్చే పద్ధతి ఏర్పడింది, ఈనాడు అలా వేరుచేసి ఇచ్చేవాటిలో అటామిక్ హెడర్ కనిపించదు. మరిచిపోయి వదిలెయ్యలేదు, అది మనకోసం రాసినది కాదు గనుకనే వదిలేశారు. లైసెన్సు మాట కూడా ఒకటి ఉంది. కెర్నెల్ కోడ్ జీపీఎల్ రెండవ వెర్షన్ కింద ఉన్నది, సిస్టమ్ కాల్స్ వాడుకునే ప్రోగ్రాములకు ఇచ్చిన మినహాయింపు ఇలా కోడ్‌ను తెచ్చి అతికించుకున్నవాడికి వర్తించదు. మీ సంస్థ ఆ సర్వర్‌ను అమ్ముతున్నది కనుక ఈ ఒక్క కారణంతోనే ఆ ఫైలు పోవాలి.

దాని స్థానంలో ఏం వాడాలనేది తేలిక ప్రశ్న, కనుక తొందరగా చెప్పేస్తాను. జీసీసీ 4.1 తో సింక్ పేరుతో మొదలయ్యే బిల్ట్-ఇన్ ఫంక్షన్లు వచ్చాయి, 4.7 తో మెమరీ ఆర్డర్‌ను (మెమరీలో రాయడం, చదవడం ఇతరులకు కనిపించే క్రమాన్ని) మనం చెప్పుకోగలిగే అటామిక్ బిల్ట్-ఇన్లు వచ్చాయి, సి11 ప్రమాణంలో అటామిక్ రకాలు భాషలోనే చేరాయి. నీవు సి11 హెడర్‌నే వాడు. పాత సింక్ ఫంక్షన్లను కొత్త కోడ్‌లోకి తీసుకురావద్దు, ముఖ్యంగా వాటిలో టెస్ట్ అండ్ సెట్ అని పేరున్నది పూర్తి బ్యారియర్ (ముందువెనుకల మెమరీ పనులు తనను దాటకుండా ఆపే గోడ) కాదు, అక్వైర్ (తరువాతి పనులు తనకన్నా ముందుకు రాకుండా ఆపేది) మాత్రమే. పేరు చూసి మోసపోయినవారిని చాలామందిని చూశాను. సొంతంగా ఇన్‌లైన్ అసెంబ్లీ అసలు రాయవద్దు. అసెంబ్లీలో మెమరీ మారుతున్నదని కంపైలర్‌కు చెప్పడం మరిచిపోతే, అది తన రిజిస్టర్లలో దాచుకున్న పాత విలువనే నమ్ముకుని ముందుకు పోతుంది, పైగా ఆ పొరపాటు ఆప్టిమైజేషన్ పెంచినప్పుడే బయటపడుతుంది. ప్రతిసారీ మెమరీనే ముట్టుకోమని కంపైలర్‌కు చెప్పే వోలటైల్ గురించి కూడా ఇక్కడే చెప్పనీ. కెర్నెల్‌లో వోలటైల్ ద్వారా చదవడం, రాయడం చూసి నీవు ఒకచోట జెండాను వోలటైల్‌గా ప్రకటించావు. అక్కడ అది ఏయే కంపైలర్ల మీద, ఏయే ప్రాసెసర్ల మీద ఎలా పని చేస్తుందో వారు ఒక్కొక్కటిగా చూసుకుని, వేరువేరు రకాల పాయింటర్లు ఒకే చోటును చూపవనే స్ట్రిక్ట్ ఏలియాసింగ్ వంటి ఊహలను కంపైలర్ ఆప్షన్లతో ఆపివేసి వాడుతున్నారు. నీ ప్రోగ్రాంలో భాషా ప్రమాణం ప్రకారం అది డేటా రేస్ (రక్షణ లేకుండా ఒకే చోటును ఒకరు రాస్తుండగా ఇంకొకరు ముట్టుకోవడం), అంతకు మించి ఏమీ కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, దీన్ని ఓపికగా చదువు. అటామిక్ అంటే ఆ ఒక్క అంకె మీద జరిగే మార్పు విడిపోదని మాత్రమే అర్థం. దాని చుట్టుపక్కల ఉన్న మామూలు రాతలు, చదువులు ఏ క్రమంలో ఇతర కోర్లకు కనిపిస్తాయనేది పూర్తిగా వేరే ప్రశ్న. నీ కోడ్‌లో ఒక థ్రెడ్ బఫర్‌లో మెసేజ్ నింపి, ఆ తరువాత సిద్ధంగా ఉన్నవాటి లెక్కను ఒకటి పెంచుతుంది. రెండవ థ్రెడ్ ఆ లెక్కను చదివి, పెరిగితే బఫర్‌ను తెరుస్తుంది. ఎక్స్86 లో ఒక రాత ఇంకొక రాతను దాటిపోదు, ఒక చదువు ఇంకొక చదువును దాటిపోదు, పైగా లాక్ ప్రిఫిక్స్ ఉన్న ఇన్‌స్ట్రక్షన్ పూర్తి బ్యారియర్‌గా కూడా పనిచేస్తుంది, కనుక నీకు నెల రోజులుగా ఏ బాధా కలగలేదు. కాని కెర్నెల్ ఒప్పందం ప్రకారం విలువను తిరిగి ఇవ్వని ఇంక్రిమెంట్‌కు ఎలాంటి క్రమమూ లేదు. మామూలుగా చదివే ఫంక్షన్‌కూ లేదు. విలువను తిరిగి ఇచ్చే రకాలకే, వాటి పేరు చివర సడలింపు తోక ఏదీ లేకపోతే, రెండు వైపులా పూర్తి క్రమం ఉంటుంది. క్రమం లేనివాటి ముందు క్రమం కావాలంటే కెర్నెల్ వారు విడిగా ఒక బ్యారియర్ రాస్తారు. నీవు ఆ బ్యారియర్ రాయలేదు, ఎక్స్86 నీ తరఫున రాసిపెట్టింది. ఆర్మ్ మీద లెక్క పెరిగినట్టు ముందు కనిపించి, మెసేజ్ ఆ తరువాత కనిపించవచ్చు. అప్పుడు నీ రెండవ థ్రెడ్ నిన్నటి మెసేజ్‌ను ఇవాళ్టిదనుకుని పంపిస్తుంది, ఎక్కడా క్రాష్ కూడా కాదు.

దీనికి మందు రిలీజ్ (ముందటి పనులు తన తరువాతకు జారకుండా ఆపేది), అక్వైర్ జంట. మెసేజ్ నింపిన థ్రెడ్ లెక్కను రిలీజ్‌తో పెంచాలి, చదివే థ్రెడ్ అదే లెక్కను అక్వైర్‌తో చదవాలి. అలా చేస్తే రిలీజ్‌కు ముందు రాసినదంతా అక్వైర్ తరువాత చదివినవాడికి కనిపిస్తుందని భాషే హామీ ఇస్తుంది. ఒంటి చేత్తో చప్పట్లు మోగనట్టే ఒంటి రిలీజ్ ఏ పనికీ రాదు. అందుకే ప్రతి రిలీజ్ పక్కనా ఇది ఏ ఫంక్షన్‌లోని ఏ అక్వైర్‌తో జత కడుతుందో ఒక వాక్యం కామెంట్‌గా రాయి. ఆ వాక్యం రాయలేకపోతున్నావంటే నీకే స్పష్టత లేదని గుర్తు.

రిలీజ్, అక్వైర్ చాలని చోటు కూడా ఒకటి ఉంది, అది ఎక్స్86 వారిని కూడా పట్టుకుంటుంది. మొదటి థ్రెడ్ తన జెండాను 1 చేసి ఎదుటివాడి జెండాను చదువుతుంది, రెండవది తన జెండాను 1 చేసి మొదటివాడి జెండాను చదువుతుంది. ఇద్దరికీ ఎదుటి జెండా 0 గా కనిపించడం సాధ్యమే, ఎందుకంటే ప్రతి కోర్ తన రాతను స్టోర్ బఫర్‌లో ఉంచుకుని, అది బయటికి వెళ్ళకముందే తరువాతి చదువును పూర్తిచేయగలదు. ఇద్దరిలో ఒక్కరినే లోపలికి పంపడానికి పాఠ్యపుస్తకాల్లో చెప్పే పీటర్సన్ అల్గారిథమ్‌ను ఉన్నదున్నట్టు రాస్తే ఈనాటి యంత్రాల మీద పని చేయకపోవడానికి ఇదే కారణం. నీ సర్వర్‌ను ఆపే కోడ్‌లో, నిద్రపోబోతున్న థ్రెడ్‌కూ దాన్ని లేపవలసిన థ్రెడ్‌కూ మధ్య, సరిగ్గా ఈ ఆకారమే ఉన్నది. అక్కడ సీక్వెన్షియల్ కన్సిస్టెన్సీ (అందరికీ ఒకే వరుస కనిపించే క్రమం) తప్ప మరొకటి పనికిరాదు.

సి11 లో ఏమీ చెప్పకపోతే వచ్చేది ఆ అత్యంత కట్టుదిట్టమైన ఆర్డరే. నీవు మొదట అన్నిచోట్లా దానినే ఉంచి, కొలిచి చూసి, నిజంగా ఖర్చు కనిపించిన చోట మాత్రమే సడలించు. నాకు తెలిసి సడలింపుకు ఇబ్బంది లేని చోట్లు రెండే. ఒకటి, గణాంకాల కోసం మాత్రమే ఉన్న కౌంటర్. దానికి రిలాక్స్డ్ (ఏ క్రమమూ హామీ ఇవ్వనిది) చాలు, ఎందుకంటే దాని విలువను బట్టి ఎవరూ వేరే మెమరీని తెరవరు. రెండవది రిఫరెన్స్ కౌంట్‌ను (ఒక వస్తువును ఎందరు వాడుతున్నారో చెప్పే లెక్కను) పెంచడం; అప్పటికే ఒక రిఫరెన్స్ చేతిలో ఉన్నవాడే పెంచుతాడు కనుక రిలాక్స్డ్ చాలు. తగ్గించేటప్పుడు మాత్రం రిలీజ్ ఉండాలి, సున్నాకు చేరి మెమరీని విడుదల చేసేవాడికి అక్వైర్ కూడా ఉండాలి, లేకపోతే ఇంకొక థ్రెడ్ చివరిసారి చేసిన రాతలు పూర్తికాకముందే ఆ వస్తువు మాయమవుతుంది.

ఒక సూక్ష్మం కూడా చెప్పి ఈ భాగం ముగిస్తాను. కెర్నెల్ వారి పూర్తి క్రమం, సి11 వారి సీక్వెన్షియల్ కన్సిస్టెన్సీ ఒకటే అనుకుని ఒకదాని స్థానంలో మరొకటి పెట్టకూడదు. 64 బిట్ల ఆర్మ్ మీద, ఒక్క ఇన్‌స్ట్రక్షన్ అటామిక్‌లు లేని ప్రాసెసర్లలో, కెర్నెల్ తన పూర్తి క్రమపు ఆపరేషన్‌కు చివర విడిగా బ్యారియర్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టుకుంటుంది. సి11 ఆపరేషన్‌ను కంపైలర్ అక్వైర్ చదువుగా, రిలీజ్ రాతగా మాత్రమే మార్చవచ్చు, అప్పుడు దాని తరువాత ఉన్న మామూలు చదువు ఆ రాతకన్నా ముందుకు జరిగే వీలుంటుంది. కెర్నెల్ నుంచి ఒక అల్గారిథమ్‌ను తెచ్చుకుంటే దాని వాదనను కూడా సి11 నియమాల్లో మళ్ళీ మొదటి నుంచి చేసుకోవాలి. 2018 లో వచ్చిన 4.17 నుంచి కెర్నెల్ తన మెమరీ మోడల్‌ను (ఈ క్రమాల నియమాలను) సోర్సులోనే విడిగా రాసిపెట్టుకున్నది. రెండూ ఒకటే అయి ఉంటే వారికి ఆ శ్రమ ఎందుకు?

స్పిన్‌లాక్ దగ్గరికి వద్దాం. అది తప్పుగా రాసినది కాదు, తప్పు చోట రాసినది. కెర్నెల్‌లో మామూలు స్పిన్‌లాక్ పట్టుకునే ముందు ఆ కోర్ మీద ప్రీఎంప్షన్‌ను, అంటే నడుస్తున్న పనిని నడుమ పక్కకు తప్పించడాన్ని, ఆపివేస్తారు, ఇంటరప్ట్ హ్యాండ్లర్‌తో పంచుకునే లాక్ అయితే ఇంటరప్ట్‌లను కూడా ఆపుతారు. లాక్ పట్టుకున్నవాడిని నడుమ ఎవరూ లేపి పక్కకు పంపలేరు కనుకనే ఎదురుచూసేవాడు కొద్దిసేపు ఊరికే తిరుగుతూ ఉండడం అక్కడ లాభసాటి బేరం. నీ ప్రోగ్రాంకు ఆ అధికారం లేదు. 16 కోర్ల యంత్రం మీద 40 థ్రెడ్లు నడుపుతున్నావు. లాక్ పట్టుకున్న థ్రెడ్‌ను షెడ్యూలర్ (థ్రెడ్లకు కోర్లను పంచేది) పక్కకు తప్పించిందంటే, గది తాళంచెవి జేబులో వేసుకుని మనిషి నిద్రపోయినట్టే. తలుపు దగ్గర నిలబడ్డ మిగిలిన థ్రెడ్లు తమ వంతు కాలాన్నంతా తిరగడానికే ఖర్చు చేస్తాయి, షెడ్యూలర్‌కు మాత్రం అవన్నీ ఎంతో పని చేస్తున్నట్టే కనిపిస్తాయి, కనుక నిద్రపోయినవాడిని తొందరగా లేపవలసిన కారణం దానికి కనిపించదు. వర్చువల్ మెషీన్ లోపల ఇదే కష్టం రెండు అంతస్తుల్లో వస్తుంది. నీవు ఒక థ్రెడ్‌కు ఫిఫో రియల్‌టైమ్ ప్రాధాన్యం (తానే వదిలేదాకా మామూలు థ్రెడ్లకు వంతు ఇవ్వనిది) ఇచ్చావు కూడా. ఆ థ్రెడ్, లాక్ పట్టుకున్న మామూలు థ్రెడ్ ఒకే కోర్‌కు కట్టుబడి ఉన్నాయంటే, మొదటిది తిరుగుతూనే ఉంటుంది, రెండవదానికి వంతు దాదాపు రానే రాదు. మధ్యలో కోర్‌ను వదులుకునే యీల్డ్ పిలిచాను కదా అంటావేమో. ఎవరి కోసం ఎదురుచూస్తున్నావో నీవు షెడ్యూలర్‌కు చెప్పనంతవరకు అది ఎవరికో ఒకరికి కోర్‌ను ఇస్తుంది, నీవు కోరినవాడికే ఇస్తుందన్న నమ్మకం లేదు. యూజర్ ప్రోగ్రాముల్లో స్పిన్‌లాక్‌లు వాడవద్దని 2020 జనవరిలో లైనక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ స్వయంగా గట్టిగా రాశాడు, ఆయన చెప్పిన కారణం సారాంశం కూడా ఇదే.

దేనికోసం ఎదురుచూస్తున్నామో కెర్నెల్‌కు చెప్పే మార్గమే ఫ్యూటెక్స్. 2.6 తో అందరికీ అందిన ఈ ఏర్పాటులో లాక్ అనేది నీ మెమరీలోని 32 బిట్ల అంకె. పోటీ లేనప్పుడు ఒక్క అటామిక్ ఆపరేషన్‌తో పని ముగుస్తుంది, కెర్నెల్‌లోకి వెళ్ళే పనే లేదు. పోటీ ఉన్నప్పుడు మాత్రమే ఆ అంకె ఇంకా పాత విలువలోనే ఉంటే నన్ను నిద్రపుచ్చు అని కెర్నెల్‌ను అడుగుతారు. ఆ సరిచూడడం, నిద్రపుచ్చడం విడిపోకుండా జరగడమే అందులోని కిటుకు. లైనక్స్‌లోని సి లైబ్రరీ గ్లిబ్‌సీ వారి పీథ్రెడ్ మ్యూటెక్స్ (ఎదురుచూసేవాడిని నిద్రపుచ్చే లాక్) దాని మీదే కట్టినది. మ్యూటెక్స్ అంటే ప్రతిసారీ సిస్టమ్ కాల్ అనే భయం నీ ఉత్తరంలో కనిపించింది, అది నిజం కాదు. నీవే ఫ్యూటెక్స్‌తో లాక్ రాయాలనే కోరిక కలిగితే ఇంట్లో సరదాగా రాసుకో, ఆఫీసు కోడ్‌లో వద్దు.

గణాంకాల కౌంటర్ల విషయంలో తప్పు లేదు గాని వృథా ఉంది. ఎనిమిది బైట్ల కౌంటర్లు ఎనిమిదింటిని వరుసగా పేర్చావు, అవి కలిసి 64 బైట్లు, అంటే మీ సర్వర్లలో సరిగ్గా ఒక క్యాష్ లైన్ (కోర్ల నడుమ ఒకేసారి కదిలే మెమరీ ముక్క). ఏ థ్రెడ్ తన కౌంటర్‌ను ముట్టుకున్నా మిగిలిన ఏడుగురి లైన్ కూడా కదిలి వెళ్ళిపోతుంది. పోటీ లేని లాక్ ఇన్‌స్ట్రక్షన్‌కు పదుల సైకిళ్ళు పడితే, లైన్ ఇంకొక కోర్ నుంచి రావలసినప్పుడు వందల్లో పడవచ్చు. ప్రతి థ్రెడ్‌కూ తన సొంత లైన్‌లో సొంత కౌంటర్ ఇవ్వు, ఎవరైనా మొత్తం అడిగినప్పుడు అన్నీ చదివి కూడి చెప్పు. కెర్నెల్ తన ప్రతి కోర్‌కూ ఒక కౌంటర్ పెట్టుకునేది ఈ ఉద్దేశంతోనే. కోర్ వారీగానే కావాలంటే, 2018 లో 4.18 తో వచ్చిన రీస్టార్టబుల్ సీక్వెన్సెస్ అనే ఏర్పాటు ఉన్నది, కాని నీ అవసరానికి థ్రెడ్ వారీ లెక్క చాలు.

ఇక స్టాక్. ఈ ఒక్కదాని గురించి నాకు నిజంగా భయం వేసింది. ఖాళీ బఫర్ తీసుకోవడానికి నీవు తలను చదువుతావు, అది మొదటి బఫర్. దాని తరువాతిది రెండవదని చదువుతావు. తల ఇంకా మొదటిదే అయితే దాని స్థానంలో రెండవదాన్ని పెట్టమని కంపేర్ ఎక్స్‌ఛేంజ్ చేస్తావు. చదవడానికీ మార్చడానికీ నడుమ షెడ్యూలర్ నిన్ను పక్కకు తప్పించిందనుకో. ఈలోగా వేరొక థ్రెడ్ మొదటిదాన్ని, రెండవదాన్ని కూడా తీసుకుని, రెండవదానిలో మెసేజ్ నింపుకుంటూ, మొదటిదాన్ని మాత్రం తిరిగి పెట్టింది. నీవు నిద్రలేచి చూస్తే తల మొదటిదే, నీ కంపేర్ ఎక్స్‌ఛేంజ్ నెగ్గుతుంది, వాడుకలో ఉన్న రెండవ బఫర్ ఖాళీ బఫర్లకు తలగా కూర్చుంటుంది. ఒకే బఫర్ ఇద్దరి చేతుల్లోకి వెళ్తుంది. ఏబీఏ అని పేరు పెట్టుకున్న ఈ జబ్బుకు ఆర్మ్ అక్కరలేదు, ఎక్స్86 మీదే వస్తుంది. నీకు నెల రోజులుగా రాకపోవడం అదృష్టం, లేదా వచ్చినా నీవు గుర్తించలేదు. దీనితో పాటు, బఫర్లు ఎక్కువైనప్పుడు కొన్నింటిని ఫ్రీ చేస్తున్నావు కనుక, ఇంకొకడు విడుదల చేసిన బఫర్ లోపలి పాయింటర్‌ను చదివే ప్రమాదం కూడా ఉంది.

కెర్నెల్ లోపల పాత వస్తువును ఎప్పుడు విడుదల చేయవచ్చో తెలుసుకోవడానికి ఆర్‌సీయూ (పాతదాన్ని చదివేవారంతా ముగించేదాకా ఆగే పద్ధతి) ఉన్నది. ఏ కోర్ మీద ఎప్పుడు థ్రెడ్ మారిందో కెర్నెల్‌కు తానే చూసి తెలుసు. బయట మనకు ఆ చూపు లేదు. మాథ్యూ డెనోయే మొదలుపెట్టిన యూజర్ స్పేస్ ఆర్‌సీయూ లైబ్రరీలో ప్రతి థ్రెడ్ తన పేరు నమోదు చేసుకుని, తాను చదువుతున్నానో లేదో తానే చెప్పుకోవాలి. ఆ ఖర్చును తగ్గించడానికే 4.3 కెర్నెల్‌లో మెంబ్యారియర్ అనే సిస్టమ్ కాల్ చేరింది. పాయింటర్ పక్కన వరుససంఖ్యను పెట్టి 16 బైట్లను ఒకేసారి మార్చడం, ఏది వాడుకలో ఉన్నదో ముందే ప్రకటించే హజార్డ్ పాయింటర్లు వాడడం వంటి దారులూ ఉన్నాయి. అన్నీ మంచివే, ఏదీ నీకు అక్కరలేదు. ప్రతి థ్రెడ్ తన దగ్గర కొన్ని ఖాళీ బఫర్లు ఉంచుకుని, అవి అయిపోయినప్పుడు లేక నిండిపోయినప్పుడు మాత్రమే మ్యూటెక్స్ పట్టుకుని ఉమ్మడి జాబితా నుంచి ఒక గుత్తిగా తెచ్చుకుంటే, లాక్ మీద పోటీయే ఉండదు. లాక్ లేని కోడ్ రాయగలిగానన్న తృప్తి పోతుందని తెలుసు. నా వయసులో నాకు ఇంకా ఆ తృప్తి మీద మోజు ఉంది, కాని అర్ధరాత్రి ఫోన్ మోగినప్పుడు దాన్ని సరిచేయవలసింది నీవే కదా.

షేర్డ్ మెమరీ ద్వారా ఇంకొక ప్రాసెస్‌తో లెక్కలు పంచుకోవాలనే ఆలోచన ఉన్నదని రాశావు. అందులో ఉంచే అటామిక్ రకం నిజంగా లాక్ లేకుండా నడుస్తుందో లేదో ముందు సరిచూసుకో. యంత్రానికి మించిన వెడల్పు అడిగితే కంపైలర్ లిబ్‌అటామిక్ లైబ్రరీని పిలవవచ్చు, అది లోపల లాక్‌ల పట్టిక పెట్టుకోవచ్చు, ఆ పట్టిక ప్రతి ప్రాసెస్‌కూ వేరువేరు, కనుక రెండు ప్రాసెస్‌ల నడుమ అది రక్షణే కాదు. సిగ్నల్ హ్యాండ్లర్‌లో కూడా లాక్ లేని రకాలనే ముట్టుకోవాలి, లేకపోతే థ్రెడ్ తన లాక్ కోసం తానే ఎదురుచూస్తూ నిలిచిపోతుంది. పైగా లాక్ పట్టుకున్న ప్రాసెస్‌ను ఎవరైనా కిల్ చేస్తే లాక్ అలాగే మిగిలిపోతుంది. కెర్నెల్ లోపల ఇలా నడుమ చచ్చిపోవడం లేదు గనుక అక్కడి కోడ్ దీన్ని ఊహించదు. పీథ్రెడ్‌లోని రోబస్ట్ మ్యూటెక్స్ అయితే యజమాని పోయాడని తరువాతివాడికి తెలియజేస్తుంది. ఇంకొక చిన్న మాట. ఆ షేర్డ్ స్ట్రక్చర్‌ను ప్యాక్డ్‌గా (నడుమ ఖాళీలు లేకుండా) ప్రకటించవద్దు. అటామిక్ అంకె రెండు క్యాష్ లైన్ల మీద పడితే ఎక్స్86 దాన్ని ఎలాగో చేసిపెడుతుంది గాని యంత్రం మొత్తానికీ అది భారం, 5.7 నుంచి లైనక్స్ అలాంటి ప్రోగ్రాములను తగిన ప్రాసెసర్ల మీద గుర్తించి హెచ్చరించగలదు.

పరీక్షల విషయానికి వస్తే, ఎక్స్86 మీద ఎన్ని రాత్రులు నడిపినా ఆర్మ్ మీద తప్పు లేదని రుజువు కాదు, ఎక్స్86 మీదే క్యూఎము ఎమ్యులేటర్‌లో నడపడం కూడా నమ్మదగిన పరీక్ష కాదు. రాస్ప్‌బెర్రీ పై 4 ఒకటి తెప్పించుకో. దానిలోని నాలుగు కార్టెక్స్ ఏ72 కోర్లు ఇన్‌స్ట్రక్షన్లను నిజంగానే ముందువెనుకలు చేస్తాయి. అది ఆర్మ్ 8.0 కనుక, కొత్త ప్రాసెసర్లలో ఉండే ఒక్క ఇన్‌స్ట్రక్షన్ అటామిక్‌లు దానికి లేవు, నీవు 8.1 కోసం కంపైల్ చేస్తే అక్కడ ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్‌తో ఆగిపోతుంది. జీసీసీ 10 నుంచి నడుస్తున్నప్పుడే ఏది ఉన్నదో చూసి ఎంచుకునే అవుట్‌లైన్ అటామిక్స్ మామూలుగానే వస్తాయి, వాటిని ఆపవద్దు. డేటా రేస్‌లను పట్టుకునే థ్రెడ్ శానిటైజర్‌తో ఒక బిల్డ్ రోజూ నడిపించు. నీ ఇన్‌లైన్ అసెంబ్లీ దానికి అర్థం కాదు, సి11 అటామిక్‌లు అర్థమవుతాయి, ఆ హెడర్‌ను వదిలించుకోవడానికి ఇదొక అదనపు లాభం. ఆకారం చిన్నదైతే హెర్డ్ పనిముట్టుకు పది వాక్యాల లిట్మస్ పరీక్షగా రాసి ఇవ్వు, ఏయే ఫలితాలు సాధ్యమో అన్నీ వరుసగా చెబుతుంది. నీ సర్వర్‌ను ఆపే కోడ్‌ను నేను నిన్న అలా రాసి చూశాను, ఇద్దరూ సున్నా చదివే ఫలితం వచ్చింది. ఆ ఫైలును ఈ లేఖతో పాటు పంపుతున్నాను.

ముందు స్టాక్‌ను తీసివేసి ఆ మార్పును ఒక్కదానినే విడుదల చెయ్యి. తరువాత హెడర్ మొత్తాన్ని సి11 లోకి మార్చి, గణాంకాల కౌంటర్లు తప్ప అన్నీ డిఫాల్ట్ ఆర్డర్‌లోనే ఉంచి, ఆర్మ్ మీద తయారైన అసెంబ్లీని నాకు పంపు. లెక్కను పెంచే చోటు, సర్వర్‌ను ఆపే చోటు, ఈ రెండు ఫంక్షన్లు చాలు.

ఇట్లు,
నీ మామయ్య